ఏరోజెల్ – కట్టడమే కాదు, విప్పడమూ తెలియాలి



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో కవితలు, పాటలు, జ్ఞాపకాలు చాలా వస్తాయి. వాటితో పాటు సైన్సు వ్యాసం ఒకటి ఉంటే బాగుంటుందని, ఈ హాస్టల్లోనే ఉండి చదువుకుని తర్వాత కెమిస్ట్రీ వైపు వెళ్లిన మేము కొందరం అనుకున్నాం. ఏ విషయం రాయాలని ఆలోచిస్తే ఏరోజెల్ గుర్తుకొచ్చింది. ఇది చాలా తేలికైన పదార్థం. అయినా దాని గురించి ఆలోచించడం మొదలుపెడితే చాలా బరువైన ప్రశ్నలు వస్తాయి. ఎనిమిదో తరగతి తమ్ముడికి కూడా అర్థం కావాలని వీలైనంత సులభంగా రాశాం. ఇంటర్ చదివేవాళ్లకు తమ పుస్తకంలోని పాఠాలే కొన్ని ఇందులో కనిపిస్తాయి.

జెల్ అంటే ఏమిటి?

మనం రోజూ తినే పెరుగు ఒక జెల్. గిన్నె కొంచెం వంచినా పెరుగు వెంటనే కారిపోదు. అలాగని అది గట్టి పదార్థమూ కాదు, అందులో ఎక్కువ భాగం నీళ్లే. పాలలోని ప్రొటీన్ సన్నని వలలా అల్లుకుని ఆ నీటిని పట్టి ఉంచుతుంది. వేసవిలో మనం తినే తాటి ముంజ, గుడ్డు ఉడికిన తర్వాత గట్టిపడిన తెల్లసొన, చైనా గ్రాస్‌తో చేసే జెల్లీ కూడా ఇలాంటివే. లోపల సన్నని వల, ఆ వల నిండా ద్రవం ఉంటే దాన్ని జెల్ అంటారు.

ఆ వల చెదరకుండా లోపలి ద్రవాన్ని మాత్రం తీసేసి, దాని స్థానంలో గాలి నింపితే వచ్చేదే ఏరోజెల్. చూడటానికి గట్టి పదార్థమే, కానీ అందులో 90 శాతం నుంచి 99 శాతానికి పైగా గాలే ఉంటుంది. ఒక లీటరు నీరు కిలో బరువుంటే, అంతే పరిమాణంలో ఉన్న మామూలు ఏరోజెల్ ముక్క 100 గ్రాములు తూగవచ్చు. ఇంకా తేలికైనవీ ఉన్నాయి. 2013లో చైనాలోని జెజియాంగ్ విశ్వవిద్యాలయంలో తయారుచేసిన గ్రాఫీన్ ఏరోజెల్ ఘన సెంటీమీటరుకు 0.16 మిల్లీగ్రాములే తూగింది. దాన్ని పూల కేసరాల మీద పెట్టినా అవి వంగలేదు.

ద్రవాన్ని తీయడంలోనే ఉంది కష్టం

ఎండలో పెడితే నీరు ఆరిపోతుంది కదా అని మీకు అనిపించవచ్చు. మామిడి ఒరుగులు గుర్తు తెచ్చుకోండి. మామిడి ముక్కల్ని ఎండలో పెడితే నీళ్లు పోతాయి, కానీ ముక్క ముడుచుకుని, వంకరపోయి, సగం కూడా మిగలదు. జెల్‌ను ఊరికే ఆరబెట్టినా ఇదే జరుగుతుంది. సన్నని రంధ్రాల్లోంచి ద్రవం బయటికి పోయేటప్పుడు దాని తలతన్యత చుట్టూ ఉన్న గోడల్ని లోపలికి లాగుతుంది. రంధ్రం ఎంత చిన్నదైతే ఆ లాగుడు అంత ఎక్కువ. చివరికి వల కూలిపోతుంది.

ఈ చిక్కుకు దారి చూపినవాడు అమెరికాకు చెందిన శామ్యూల్ స్టీఫెన్స్ కిస్లర్. కాలిఫోర్నియాలోని కాలేజ్ ఆఫ్ ది పసిఫిక్‌లో పనిచేస్తూ 1931లో నేచర్ పత్రికలో తన పద్ధతిని ప్రకటించాడు. ప్రతి ద్రవానికీ ఒక సందిగ్ధ ఉష్ణోగ్రత, సందిగ్ధ పీడనం ఉంటాయని ఇంటర్‌లో చదువుకున్నాం. ఆ రెండూ దాటితే ద్రవానికి, వాయువుకు తేడా ఉండదు. తేడా లేకపోతే వాటి మధ్య తలం ఉండదు. తలం లేకపోతే తలతన్యత ఉండదు, గోడల్ని లాగేదీ ఉండదు. అప్పుడు పీడనాన్ని మెల్లగా వదిలేస్తే వల చెక్కుచెదరకుండా నిలుస్తుంది. మీరు చదివే ఒక చిన్న పాఠం నుంచి ఒక కొత్త పదార్థమే పుట్టింది చూడండి!

నీటి సందిగ్ధ ఉష్ణోగ్రత 374 డిగ్రీలు, దానితో ఈ పని చేయడం చాలా కష్టం. అందుకే జెల్‌లోని నీటిని ముందు ఆల్కహాల్‌తో మార్చేవారు. తర్వాతి కాలంలో ఆల్కహాల్ స్థానంలో కార్బన్ డయాక్సైడ్ వాడటం మొదలైంది. దానికి 31 డిగ్రీలు చాలు, మన ఊళ్లో మార్చి నెల మధ్యాహ్నం కూడా అంతకంటే వేడిగా ఉంటుంది. కానీ పీడనం మాత్రం వాతావరణ పీడనానికి దాదాపు 73 రెట్లు కావాలి. ఇంట్లోని ప్రెషర్ కుక్కర్‌లో ఉండేది సుమారు రెండు రెట్లే. అంత పీడనాన్ని తట్టుకునే పాత్రలు కావాలి కాబట్టే ఏరోజెల్ ధర ఎక్కువ.

ఇది దేనికి పనికొస్తుంది?

అన్నిటికంటే ముఖ్యంగా వేడిని ఆపడానికి. కదలని గాలి వేడిని సరిగా ప్రసారం చేయదు. థర్మోకోల్ పెట్టెలో ఐసు చాలాసేపు ఉండేది ఆ గాలి వల్లే. ఏరోజెల్‌లోని రంధ్రాలు ఎక్కువగా 2 నుంచి 50 నానోమీటర్ల పరిమాణంలో ఉంటాయి. మామూలు గాలిలో ఒక అణువు ఇంకో అణువును ఢీకొనే ముందు సగటున 70 నానోమీటర్ల దూరం ప్రయాణిస్తుంది. ఏరోజెల్‌లో దానికి అంత చోటు దొరకదు. పక్క అణువును ఢీకొని వేడిని అందించేలోపే గోడకు తగులుతుంది. అందుకే మంచి ఏరోజెల్ గాలి కంటే కూడా మెరుగ్గా వేడిని ఆపుతుంది. ఉష్ణవాహకతను మీటరుకు, కెల్విన్‌కు ఇన్ని వాట్లని కొలుస్తారు. థర్మోకోల్‌కు అది సుమారు 0.035, గాలికి 0.026, మంచి ఏరోజెల్‌కు 0.012 నుంచి 0.020 వరకు ఉంటుంది.

నాసా 1997లో అంగారకుడి మీద దించిన సోజర్నర్ రోవర్‌ను చలి నుంచి కాపాడటానికి ఏరోజెల్‌నే వాడింది. 1999లో ప్రయోగించిన స్టార్‌డస్ట్ నౌక సెకనుకు 6 కిలోమీటర్లకు పైగా వేగంతో వచ్చిన తోకచుక్క ధూళిని ఏరోజెల్ పలకల్లో పట్టుకుని, 2006 జనవరిలో భూమికి తెచ్చింది.

అంతరిక్షం సంగతి అలా ఉంచితే, రేకుల ఇళ్లలో ఉండే మనకు ఈ పదార్థం విలువ వేరే చెప్పాలా? మే నెలలో రేకు కింద పడుకున్నవాళ్లకు పైకప్పు నుంచి దిగే వేడి ఎలాంటిదో తెలుసు. ఇలాంటి పదార్థం చౌకగా దొరికిన రోజున పలుచని పొరతోనే ఆ వేడిని చాలావరకు ఆపవచ్చు.

సిలికా నుంచి కర్బన ఏరోజెల్‌కు

ఎక్కువమంది చూసింది సిలికా ఏరోజెల్. సిలికా అంటే మన ఇసుకలో ఉండేదే. అది వేడిని బాగా తట్టుకుంటుంది, కానీ నొక్కితే పెళుసుగా విరిగి పొడవుతుంది. అందుకే శాస్త్రజ్ఞులు కార్బన్ ఆధారంగా ఉండే కర్బన ఏరోజెల్‌ల మీద దృష్టి పెట్టారు. నిజానికి ఇది కొత్త ఆలోచన కాదు. కిస్లర్ తొలి రోజుల్లోనే జెలటిన్, అగర్, సెల్యులోజ్, గుడ్డు తెల్లసొన ప్రొటీన్‌తో కూడా ఏరోజెల్‌లు చేశాడు. అగర్ అంటే మన చైనా గ్రాసే.

ఆధునిక కర్బన ఏరోజెల్‌కు పేరు తెచ్చినవాడు అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో పనిచేసిన రిచర్డ్ పెకాలా. రిసార్సినాల్, ఫార్మాల్డిహైడ్ అనే రెండు రసాయనాలతో చేసిన ముదురు ఎరుపు ఏరోజెల్ గురించి ఆయన 1989లో ప్రకటించాడు. దాన్ని గాలి తగలకుండా బాగా వేడి చేస్తే విద్యుత్తును ప్రసారం చేసే కార్బన్ ఏరోజెల్ వస్తుంది.

ఇక్కడే అసలు సమస్య మొదలవుతుంది.

కుక్కర్ పిడి చెప్పే పాఠం

పాత కుక్కర్‌ను పాత సామాన్లవాడికి అమ్మితే ఏం చేస్తాడు? అల్యూమినియాన్ని తూకం వేస్తాడు, నల్లటి పిడిని విరిచి పక్కన పారేస్తాడు. ఎందుకంటే అల్యూమినియాన్ని కరిగించి మళ్లీ పాత్ర చేయవచ్చు, పిడిని కరిగించలేం. పాత కుక్కర్ పిడులు, కరెంటు స్విచ్చులు బేకలైట్ అనే ప్లాస్టిక్‌తో చేసేవారు. 1907లో లియో బేకలాండ్ ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌లతో దాన్ని తయారుచేశాడు. పెకాలా వాడిన రిసార్సినాల్ ఫినాల్‌కు దగ్గరి బంధువు, ఒక హైడ్రాక్సిల్ సమూహం ఎక్కువ ఉంటుందంతే. అంటే మన ఎరుపు ఏరోజెల్ కుక్కర్ పిడికి వరసకు తమ్ముడన్నమాట.

ఇలాంటివాటిని థర్మోసెట్టింగ్ ప్లాస్టిక్‌లంటారు. ఉడికిన గుడ్డును మళ్లీ పచ్చి గుడ్డు చేయలేం కదా, అలాగే వీటిలోని సంయోజనీయ బంధాలు ఒకసారి అల్లుకుంటే వేడి చేసినా విడిపోవు. ఎక్కువ వేడి చేస్తే మాడిపోతాయి. వాడినంతకాలం ఇది గొప్ప గుణం, వాడకం అయిపోయాక అదే పెద్ద లోపం.

వాడి పారేసిన వస్తువు మాయమైపోదు. అది ఊరి చివరకు చేరుతుంది. ఊరి చివర ఎవరి ఇళ్లుంటాయో మనకు ఎవరూ చెప్పనవసరం లేదు. ఆ చెత్తను ఎత్తేది, అందులో పనికొచ్చేవి ఏరేది, తగలబెడితే ఆ పొగ పీల్చేది చాలావరకు మనవాళ్లే. మన అమ్మానాన్నల్లో, అన్నల్లో, అక్కల్లో ఆ పని చేసి మనల్ని చదివిస్తున్నవాళ్లున్నారు. అందుకే ఒక పదార్థాన్ని తిరిగి వాడవచ్చా లేదా అన్నది మనకు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న మాత్రమే కాదు. పదార్థం కనిపెట్టినవాడు చివరి సంగతి ఆలోచించకపోతే, ఆ భారం చెత్త కుప్ప దగ్గర నిలబడినవాళ్ల మీద పడుతుంది.

చెట్టు నుంచి వస్తే సరిపోతుందా?

ఫార్మాల్డిహైడ్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. రిసార్సినాల్ ఖరీదైనది కూడా. అందుకని శాస్త్రజ్ఞులు మొక్కల వైపు చూశారు.

అలా చూసినవాటిలో టానిన్ ఒకటి. ఫ్రాన్స్‌లో పరిశోధకులు తుమ్మ జాతికి చెందిన ఒక చెట్టు బెరడులోని టానిన్‌ను రిసార్సినాల్‌కు బదులుగా వాడి ఏరోజెల్‌లు చేశారు. ఈ టానిన్ మనకు కొత్తది కాదు. మన తాతలు తంగేడు చెక్క, తుమ్మ చెక్క నానబెట్టిన లందలో పచ్చి తోలు వేసి పదును పెట్టినప్పుడు పనిచేసింది టానినే. అది తోలులోని ప్రొటీన్‌తో బంధం ఏర్పరుచుకుని తోలును కుళ్లకుండా చేస్తుంది. ఆ పనిని లోకం తక్కువగా చూసింది కానీ, అది చక్కటి కర్బన రసాయన శాస్త్రం.

సముద్రపు నాచు నుంచి వచ్చే ఆల్జినేట్, రొయ్య పెంకుల నుంచి వచ్చే కైటోసాన్, పత్తిలోనూ కాగితంలోనూ ఉండే సెల్యులోజ్‌తోనూ ఏరోజెల్‌లు చేస్తున్నారు. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో 2016లో పాత కాగితంతో, 2018లో పాత ప్లాస్టిక్ సీసాల పోగులతో చేసి చూపించారు. దేశంలో రొయ్యల పెంపకంలో ఆంధ్రప్రదేశ్ ముందుంది. తెలంగాణలో పత్తి విస్తారంగా పండుతుంది. రొయ్య పెంకులు, పత్తి కట్టె మన దగ్గర ఎంత వృథాగా పోతాయో మీకు తెలిసిందే.

అయితే ఇక్కడ ఒక విషయం బాగా గుర్తుంచుకోవాలి. టానిన్‌ను ఫార్మాల్డిహైడ్‌తో కలిపి బిగిస్తే వచ్చేది కూడా విడిపోని వలే. సీసా పోగులతో చేసిన ఏరోజెల్ పాత సీసాకు ఇంకో జన్మ ఇస్తుంది, కానీ దాని తర్వాత ఏమిటన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఎక్కడి నుంచి వచ్చింది అనేది ఒక ప్రశ్న, ఎక్కడికి పోతుంది అనేది ఇంకో ప్రశ్న. రెండింటికీ జవాబు ఉన్నప్పుడే ఆ పదార్థం నిలకడైనదని మనం ఒప్పుకోవాలి.

ముడి వేసేటప్పుడే విప్పే దారి

తాడుకు గట్టి ముడి వేయవచ్చు, జారు ముడీ వేయవచ్చు. జారు ముడి బరువును మోస్తుంది, కొస పట్టి లాగితే విడిపోతుంది. రసాయన శాస్త్రంలో కూడా అలాంటి ముడులున్నాయి.

మొదటిది ఇమైన్ బంధం. ఆల్డిహైడ్, అమైన్ కలిస్తే ఇమైన్ ఏర్పడి ఒక నీటి అణువు బయటికి వస్తుంది. హ్యూగో షిఫ్ 1864లో ఈ చర్యను ప్రకటించాడు. ఇది ద్విగత చర్య. లీ షాట్లియర్ సూత్రం గుర్తుందా? నీటిని తీసేస్తే చర్య ముందుకు వెళ్లి వల అల్లుకుంటుంది. ఆమ్లం, నీరు కలిపితే వెనక్కి వచ్చి వల విడిపోతుంది. ఈ బంధాలతో అల్లిన ఏరోజెల్‌ను పొడి చేసి, కరిగించి, ఆ ద్రావణంతో మళ్లీ జెల్ చేయవచ్చని ప్రయోగశాలల్లో చూపించారు.

రెండోది, అమెరికాలోని ఐబీఎం పరిశోధనశాలలో జెనెట్ గార్సియా బృందం 2014లో ప్రకటించిన పాలీహెక్సాహైడ్రోట్రయజీన్. పేరు పలకడానికి కష్టమే కానీ పద్ధతి సులువు. చాలా గట్టి ప్లాస్టిక్ అయినా బలమైన ఆమ్లంలో వేస్తే విడిపోయి, మొదట వాడిన అమైన్ తిరిగి దొరుకుతుంది. ఈ రకం వలతో కూడా ఏరోజెల్‌లు వచ్చాయి. అయితే దీని తయారీలోనూ ఫార్మాల్డిహైడ్ అవసరమే, కాబట్టి మొదటి ప్రశ్నకు ఇది ఇంకా పూర్తి జవాబు కాదు.

మూడోది విట్రిమర్. 2011లో పారిస్‌లో లుడ్విక్ లైబ్లర్ బృందం దీన్ని చూపించింది. ఇందులో బంధాలు తెగిపోవు, వేడి చేసినప్పుడు భాగస్వాముల్ని మార్చుకుంటాయి. అందువల్ల గట్టి ప్లాస్టిక్‌ను కూడా వేడి చేసి మళ్లీ కొత్త ఆకారంలోకి మలచవచ్చు.

నాలుగోది అన్నిటికంటే సాదాసీదాది. ఆల్జినేట్ గొలుసుల్ని కాల్షియం అయాన్లు పట్టి ఉంచుతాయి. సిట్రేట్ లవణ ద్రావణంలో వేస్తే అది కాల్షియాన్ని లాక్కుంటుంది, జెల్ మళ్లీ ద్రావణమైపోతుంది.

మెస్‌లో ఒక చిన్న ప్రయోగం

గుడ్డు పెట్టే రోజున ఉడికిన గుడ్డు తెల్లసొన ముక్క ఒకటి తీసుకోండి. ఇంకోవైపు చైనా గ్రాస్‌ను నీళ్లలో మరిగించి చల్లార్చి జెల్లీ చేయండి. రెండింటినీ వేర్వేరు గిన్నెల్లో నీళ్లు పోసి, పెద్దవాళ్ల సమక్షంలో మరిగించండి. జెల్లీ కరుగుతుంది, చల్లారితే మళ్లీ గడ్డకడుతుంది. తెల్లసొన ఎంత మరిగించినా కరగదు. రెండూ జెల్లే, తేడా అంతా లోపలి ముడుల్లో ఉంది. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఆ రెండు గిన్నెల్లో కనిపిస్తుంది.

ఇంకా మిగిలిన చిక్కులు

ఇదంతా చదివి సమస్య తీరిపోయిందని అనుకోకండి. సులువుగా విడిపోయే ముడి వాడకంలోనే విడిపోవచ్చు. ఇమైన్ బంధానికి తేమ ఎక్కువైతే ఇబ్బంది. సెల్యులోజ్, ఆల్జినేట్ ఏరోజెల్‌లు గాలిలోని తేమ పీల్చి కుంచించుకుపోతాయి. వానాకాలంలో మన గోడలు ఎలా చెమ్మగిల్లుతాయో తెలుసు కదా. కర్బన ఏరోజెల్‌లు చాలావరకు మంటకు అంటుకుంటాయి, పైకప్పుకు వాడాలంటే అది చిన్న విషయం కాదు. వాడకంలో గట్టిగా ఉండి, మనం కోరినప్పుడు మాత్రమే విడిపోయే బంధాన్ని కనుక్కోవడమే ఇప్పుడు పరిశోధకుల ముందున్న పని.

ఇంకోటి, ద్రావణుల లెక్క. ఒక లీటరు జెల్‌లో దాదాపు లీటరు ద్రవం ఉంటుంది. దాన్ని మార్చడానికి కొత్త ద్రావణిని మూడు నాలుగుసార్లు పోయాలి. అంటే 100 గ్రాముల ఏరోజెల్ కోసం కొన్ని లీటర్ల ద్రావణి ఖర్చవుతుంది. దాన్ని స్వేదనం చేసి తిరిగి వాడకుండా కాలువలో పారబోస్తే, పైన ఎంత మంచి పేరు పెట్టినా అది పర్యావరణానికి మేలు చేసే పదార్థం కాదు. పైగా ఏరోజెల్‌ను కరిగించి మళ్లీ చేసినప్పుడు ఆరబెట్టే ఖర్చు మళ్లీ మొదటి నుంచి భరించాలి. చల్లబరిచి గడ్డకట్టించి ఆరబెట్టే పద్ధతిలో పెద్ద పీడనం అక్కర్లేదు. కానీ మంచు స్ఫటికాలు పెరిగి రంధ్రాలు పెద్దవవుతాయి, వేడిని ఆపే గుణం తగ్గుతుంది. కాబట్టి ఎక్కువకాలం మన్నేలా చేయడం, చివర్లో విప్పగలగడం రెండూ కావాలి.

మీరు అడగవలసిన ప్రశ్నలు

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మీలో కొందరు డిగ్రీకి, ఇంజనీరింగ్‌కు, పరిశోధనకు వెళతారు. అక్కడ మీకు కొత్త పదార్థాల గురించి చెబుతారు. ఎంత బలం, ఎంత బరువు, ఎంత ధర అని అందరూ అడుగుతారు. మీరు ఇంకొన్ని అడగండి. దీన్ని దేనితో చేశారు? చేసేవాళ్ల ఊపిరితిత్తుల్లోకి ఏం వెళుతుంది? ద్రావణి ఎక్కడికి పోతుంది? వాడకం అయిపోయాక దీన్ని ఎవరు, ఏ చేతులతో, ఎలా విప్పుతారు? ఈ ప్రశ్నలు అడిగేందుకు సిగ్గుపడకండి. చెత్త బండి ఎక్కడ ఖాళీ అవుతుందో చూస్తూ పెరిగిన పిల్లలకు ఇవి అడిగే హక్కు అందరికంటే ఎక్కువ ఉంది.

కుక్కర్ పిడిని విరిచి పారేసే పాత సామాన్లవాడికి కెమిస్ట్రీ రాకపోవచ్చు. కానీ ఏది తిరిగి పనికొస్తుందో, ఏది రాదో అతనికి తెలుసు. ప్రయోగశాలలో కూర్చున్నవాళ్లు పదార్థం తయారుచేసే ముందే అతని తూకం గురించి ఆలోచించాలి. మీలో ఎవరైనా ఆ ప్రయోగశాలలో కూర్చున్న రోజున, ముడి వేసేటప్పుడే విప్పే దారి కూడా రాసిపెట్టండి.

శుభాకాంక్షలతో,
మీ హాస్టల్ పూర్వ విద్యార్థులు